అయిదు వేళ్ల తిట్టు

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ముందే చెప్పేస్తాను. ఆఖరిసారి జరిగింది పొరపాటు కాదు. నా స్నేహితురాలు రహ్మా ఇప్పటికీ మా స్కూల్ స్టాఫ్‌రూమ్‌లో ఆ కథ చెప్పి, "పాపం, అంత జరిగినా దీని చెయ్యి అలవాటు మానలేదు" అని ముగిస్తుంది. నేను తల వంచుకుని టీ తాగుతాను. చెయ్యి మానకపోవడం కాదు. చెయ్యి ఆ పని చేసింది యజమానురాలి పూర్తి అనుమతితో.

దానికి ముందు జరిగినవి మాత్రం నిఖార్సయిన పొరపాట్లే. బస్సులో "ఇక్కడ ఆపండి" అనడానికి సిగ్గుపడి, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచొచ్చే మనిషిని నేను. అలాంటి నేను, మ్యాపులో ఇటలీ బూటుకి మడమ దగ్గర ఒక చిన్న ఊళ్లో, ఎదురైన ప్రతి మనిషినీ తిట్టి వదిలిపెట్టాను. నోరు విప్పకుండానే.

ఎలాగో తెలియాలంటే మీ కుడిచెయ్యి కావాలి. అయిదు వేళ్ల కొసలూ ఒకచోట కలిపి, పైకి చూపిస్తూ, కాస్త ఊపండి. బస్సులో కూర్చుని చదువుతుంటే వద్దు, ఇంటికెళ్లాక ఊపండి. ఒమాన్‌లో దీనర్థం "ఒక్క నిమిషం, ఓపిక పట్టండి" అని. మా నాన్నకి వచ్చిన అరబ్బీలో సగం ఇదే. మస్కట్‌లో ఘాలా అనే పేటలోని తన గ్యారేజీలో ఆయన కారు కింద పడుకుని ఉంటాడు. పైన కస్టమర్ తొందరపెడుతుంటాడు. కారు కిందనుంచి గ్రీజు వేళ్లు అయిదూ ముడుచుకుని బయటికొస్తాయి, కస్టమర్ చల్లబడతాడు. మాట పెగలని నాలాంటిదానికి ఇంతకన్నా వరం ఏముంటుంది? మబేలాలో మా ఇంటి దగ్గర కూరగాయల కొట్టులోనూ, నేను అసిస్టెంట్ టీచర్‌గా ఉన్న ప్రీస్కూల్‌లోనూ సగం రోజు ఆ వేళ్లతోనే నెట్టుకొస్తాను.

వసంతకాలం సెలవులకి ఇటలీ వెళదామన్నది మా స్కూల్లోనే పనిచేసే ఇద్దరు స్నేహితురాళ్లు. రహ్మాది మస్కటే. లిజీది కేరళ, పాటల టీచరు. నాన్న ఒక షరతు పెట్టాడు. "పెద్దామె ఉన్న ఇంట్లనే ఉండాలె బిడ్డా. హోటళ్లు గీటళ్లు వద్దు. ఆ పెద్దామె పొమ్మన్న దినం నువ్వు వాపస్ రావాలె. మల్ల ఏ ఊరి పేరూ ఎత్తొద్దు." ఒక ముసలావిడ తన ఇంటి మేడమీది గది ఇస్తుందని రహ్మా వెతికి పట్టుకుంది. నాన్న వీడియోలో ఆవిడ తెల్లజుట్టు చూసి సంతృప్తిపడ్డాడు. పైగా అది ఈస్టర్ వారం. ఆ గది పోతే ఆ చుట్టుపక్కల తల దాచుకోవడానికి గొడ్ల చావిడి కూడా దొరకదని అందరూ చెప్పారు.

నేను ఆ దేశపు అగ్నిపర్వతాల గురించి చదివాను, గ్రీకు శిథిలాల గురించి చదివాను. వాళ్ల చేతుల గురించి చదవలేదు.

విమానం బారి అనే ఊళ్లో దిగింది. ఎవరి బారిన ఎవరు పడబోతున్నారో పేరులోనే ఉంది. మొదట నా బారిన పడ్డది బస్సు డ్రైవరు. రహ్మా పెట్టె చక్రం ఊడి వెనకబడింది. ఒక్క నిమిషం ఆగమని వినయంగా వేళ్లు కలిపి చూపించాను. ఆయన ఇంజను ఆపాడు. కిందికి దిగాడు. తన ఉద్యోగం, తన తల్లి, ఈ దేశపు రోడ్లు, అన్నిటి గురించీ మాట్లాడినట్టున్నాడు. ఎంత మంచివాడు, మనకోసం దిగి మరీ ఆగాడు అనుకున్నాను. ఇంకోసారి వేళ్లు చూపించాను, ధన్యవాదాలతో.

రొట్టెల కొట్టులో ఆవిడ "ఏం కావాలి" అన్నట్టు తలెగరేసింది. ఎంచుకోవడానికి టైమివ్వమని వేళ్లు కలిపాను. ఆవిడ నా వెనకవాళ్లందరికీ రొట్టెలిచ్చి, కొట్టు మూసి భోజనానికి పోయింది.

ఇక మా ఇంటి పెద్దావిడ. ఊరంతా ఆవిడని నొన్నా అంటారు, అంటే అమ్మమ్మ. మొదటిరోజు సాయంత్రం చిన్న చిన్న చెవుల్లాంటి పాస్తా చేతితో చేసి పెట్టింది. ఎలా ఉందని అడిగింది. నా నోటినిండా ఆ చెవులే. మింగి చెబుతానని వేళ్లు కలిపాను. నొన్నా ముఖం, పొంగిన పాల మీద నీళ్లు చల్లినట్టు, దిగిపోయింది. నా పళ్లెం తీసేసింది.

మర్నాడు వేడినీళ్లు రావడంలేదని చెప్పడానికి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. నన్ను చూసి నొన్నా తనే వేళ్లు కలిపి ఊపింది. ఓహో, ఆగమంటోంది అనుకుని ఆగాను. ఇంకా గట్టిగా ఊపింది. ఇంకా వినయంగా ఆగాను. రెండు చేతులతోనూ ఊపింది. పాపం, చాలా పనిలో ఉందని గోడకి ఆనుకుని నిలబడి, తొందరేమీ లేదన్నట్టు నేనూ వేళ్లు కలిపి చూపించాను. గరిటె నేల మీద పడింది. వెంటనే గదికెళ్లి నా డైరీలో "ఇక్కడివాళ్లు కూడా మనలాగే ఓర్పు నేర్పుతారు" అని రాసుకున్నాను. దేవుడా.

ఆ మధ్యాహ్నం నొన్నా నా ఫోన్ లాక్కుని అందులోని అనువాదం పెట్టెలో ఏదో అరిచింది. ఫోన్ వార్తలు చదివే గొంతుతో తెలుగులో చెప్పింది: "నోరు లేని అమ్మాయికి చెడ్డ నోరు కలదు. రేపు ఉదయం మీరు ముగ్గురూ నిష్క్రమించవలెను."

నేనది అప్పజెప్పగానే లిజీ మంచం మీద కూలబడింది.

"ఏమన్నావ్ ఆవిడని?"

"నేనా? నేను ఎవర్నైనా ఏమైనా అన్నానా ఎప్పుడైనా?"

 ఇంకాసేపట్లో నాన్న ఫోన్ చేస్తాడు. పెద్దావిడ పొమ్మందని తెలిస్తే నా ప్రయాణాలన్నీ అక్కడితో సరి. వెనక వీధిలో ఉండే నొన్నా కూతురు టెరెసాకి ఇంగ్లీషు వచ్చు. రహ్మా పరుగెత్తి పిలుచుకొచ్చింది. ఏం చేసిందీ పిల్ల అని టెరెసా అడిగితే నొన్నా వేళ్లు కలిపి చూపించింది, కళ్లనీళ్లతో.

"అంతేనా?" అంది రహ్మా. "అది ఒక్క నిమిషం ఆగమని కదా."

"ఆగమనా?" అంది టెరెసా. "ఇక్కడ దానికి, ఏంటి నీ గోల, ఏం కూస్తున్నావ్ అని అర్థం." చెబుతూనే మెట్ల మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. నొన్నా నవ్వలేదు. తప్పించుకోవడానికి అల్లిన కథ అనుకుంది.

సరిగ్గా అప్పుడే నాన్న వీడియోలోకి వచ్చాడు. నొన్నా ఫోన్ లాక్కుని, ఆయన పెంపకం మీద ఇటాలియన్‌లో ఉపన్యాసం మొదలుపెట్టింది. వెనకనుంచి ఎవరో నాన్నని పిలిచారు. నాన్న ఆవిడకి ఎంతో మర్యాదగా నవ్వుతూ, గ్రీజు వేళ్లు అయిదూ కలిపి ఊపి, అటు తిరిగాడు.

నొన్నా ఫోన్ వైపు చూసింది. నావైపు చూసింది. ఇంత పెద్దమనిషి అలా తిట్టి అంత తీయగా నవ్వడని అర్థమైనట్టుంది. ఏప్రాన్ ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఏమైంది బిడ్డా? పెద్దామె ఎందుకు నవ్వుతుంది?"

"ఏం లేదు నాన్నా" అన్నాను. తననే పిలిచాననుకుని నొన్నా కూడా ఇటు తిరిగింది.

గది దక్కింది. చెవుల పాస్తా మళ్లీ వచ్చింది, ఈసారి రెండింతలు. నేను చేతులు ఒళ్లో దాచుకుని తిన్నాను.

తిరుగు ప్రయాణం రోజు నొన్నా మమ్మల్ని సాగనంపడానికి బస్‌స్టాప్‌కి వచ్చింది. అక్కడొక షోకిలా మనిషి రహ్మా తలకి చుట్టుకున్న స్కార్ఫు చూపిస్తూ వచ్చీరాని ఇంగ్లీషులో వేళాకోళం మొదలుపెట్టాడు. ఉక్కగా లేదా, లోపల జుట్టుందా, ఒకసారి తీసి చూపించవా. రహ్మా తల తిప్పుకుంది. లిజీ బస్సు కోసం చూసింది. ఆయన వంగి మరీ మళ్లీ అడిగాడు.

నేను లేచి ఆయన ముక్కుకి జానెడు దూరంలో అయిదు వేళ్లూ కలిపి ఊపాను. ఇటలీ అర్థంలో. మస్కట్ ఓర్పు అందులో వీసమెత్తు లేదు. ఆయన ఏదో అనబోయాడు. ఇంకోసారి ఊపాను. ఆయన పేపరు తెరిచి, అందులో దూరి, బస్సు వచ్చేదాకా బయటికి రాలేదు.

"అయ్యో, మళ్లీ అదే చేశావా" అని రహ్మా నవ్వింది. నేను సిగ్గుపడ్డాను. సిగ్గుపడటం నాకు ఎప్పుడూ చేతనవును.

కాబట్టి, చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇటలీ గడ్డమీద ఇక ఏనాడూ ఆ అయిదు వేళ్లనీ పొరపాటున కలపను. పొరపాటున, అన్న మాట గమనించగలరు.

అది పొరపాటు కాదని పోల్చుకున్నది నొన్నా ఒక్కతే. బస్సు ఎక్కబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసి, పెదవి విరిచి, నా ఫోన్ తీసుకుని చాలా గంభీరంగా ఏదో చెప్పింది. ఫోన్ తన వార్తల గొంతు సవరించుకుంది.

"ఉద్దేశం మంచిది. తదుపరి పర్యాయం మణికట్టును వదులుగా ఉంచవలెను."