వాగు వేసిన మేట

మా వీధి చివర ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారు. నిన్న సాయంత్రం లారీ వచ్చి ఇసుక కుమ్మరించి పోయింది. ఈ ఉదయం కూలికి వచ్చినావిడ దాని మీద పైపుతో నీళ్ళు కొట్టగానే నాచు, కుళ్ళిన ఆకు, చిన్న చేపల నీసు కలిసిన పచ్చి వాసన పాల్వంచలోని మా కిరాయి ఇంటి వంటగది దాకా వచ్చి కూర్చుంది. ఆ వాసన తగిలితే నాకు నోరూరుతుంది, వెంటనే కోపమూ వస్తుంది. ఎందుకో చెప్పాలంటే మా వాగు సంగతి చెప్పాలి.

మేం చదివిన భూగోళం పుస్తకంలో నైలు నది ఉంది, బ్రహ్మపుత్ర ఉంది, మా వాగు లేదు. లేకపోతే పోనీ, నేనే రాస్తాను. ములకలపల్లి అవతల అడవి అంచున రెండు గుట్టల వరసలు ఎదురెదురుగా ఉంటాయి, ఆ నడిమి లోయలో మా ఊరు. ఒక వరస ఇసుకరాతిది. వాన కోసిన చోటల్లా పసుపు, తెలుపు, కావి రంగు పొరలు అట్ల దొంతరలా కనిపిస్తాయి, రాయిని రాయితో రుద్దితే పిండిలా రాలుతుంది. ఎదుటి వరస మొండిది. ఎర్రమట్టిలోంచి తెల్లటి పలుగురాళ్ళు పళ్ళు బయటపెట్టి చూస్తుంటాయి. ఒక వరస దగ్గర ఇసుక, ఇంకో వరస దగ్గర ఎర్రమన్ను వసూలు చేసుకుంటూ మా వాగు ఒక్క చోటా తిన్నగా నడవకుండా కిన్నెరసాని వైపు పోయి, దానితో పాటే గోదావరిలో కలుస్తుంది. ఎగువ, దిగువ, గుట్ట పక్క, వాగు పక్క, మాకు దిక్కులు ఇవే నాలుగు. బడిలో సారు తూర్పు ఎటు అని అడిగితే కిటికీలోంచి సూర్యుడి కోసం వెతుక్కునేవాళ్ళం.

నా చిన్నతనం రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, సెల్‌ఫోను మోగాలంటే మనిషి గుట్టెక్కాల్సిన రోజుల్లో గడిచింది. ఎండాకాలం వచ్చి వాగు ఎండితే, ఇసుకలో చేతులతో చెలమ తవ్వుకుని, మొదటి మురికి నీళ్ళు తోడి పారబోసి, ఊరిన తేటనీళ్ళు దోసిట్లో తాగేవాళ్ళం. అడవిలో ఏరి ఎండబెట్టిన ఇప్పపూలను వేయించి, నువ్వులతో కలిపి రోట్లో దంచి మా అమ్మ చేసిన ముద్దలు కొంగున కట్టుకుని, తునికిపండ్లు చీకుతూ, ఇసుకలో దొరికే ఎర్రరాళ్ళతో అచ్చనగిల్లలాడుతూ పొద్దంతా అక్కడే ఉండేవాళ్ళం. ఎండకు పట్టి చూస్తే ఆ రాళ్ళలో దానిమ్మగింజ రంగు తేలేది. వానలు పడగానే వెదురు కొమ్ముల కూర, నీళ్ళు తీసిన తర్వాత ఒండ్రులో పెట్టిన దోసకాయలు, ఆ దోసకాయలను గట్టు మీదే పగలగొట్టి ఉప్పూకారం అద్దుకుని తినడం. నోరూరడం అందుకే.

మా నాయనమ్మ ఆ గట్టు మీదే కూర్చుని చుట్ట కాలుస్తూ, ఒడ్డు కోసుకుపోయిన చోట మట్టి పొరలు చూపించి ఇదిగో ఇక్కడ మా అత్త కాలంలో వాగు పారింది, దాని కింద ఇంకెవరి కాలంలోనో పారింది అని చెబుతుండేది. వాగు ఒక చోట ఉండదు కదా, ఈ ఒడ్డు తిని ఆ ఒడ్డుకు పెడుతుంది. అందుకని మా లోయలో ఒక కట్టుబాటు ఉండేది: వాగు కోసుకుపోయింది ఎవరి చేనో, అది వేసిన మేట వాళ్ళదే. మేట ఎవరి ఒడ్డుకు తగిలి ఉన్నా సరే. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలియదు, కాదన్న వాళ్ళనూ నేను చూడలేదు.

ఒక శ్రావణంలో ముసురు పట్టి వదల్లేదు. వాన వెలిసి చూస్తే మాకున్న ఒక్క చేను, గట్టున ఉన్న రెండు చింతచెట్లతో సహా, లేదు. మా అయ్య మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆ ఎర్రనీళ్ళను చూస్తూ నిలబడ్డాడు. దీపావళి నాటికి నీళ్ళు తీశాయి, దిగువన ముత్తయ్య అనే రైతు ఒడ్డును ఆనుకుని మంచి మేట తేలింది. కింద ఇసుక, పైన మూరెడు ఒండ్రు. మా ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ మేట దక్కకపోతే మిరపకోతలకు బోనకల్ వైపు వలసపోవాలి, నేను బడి మానేసి చంటి తమ్ముణ్ణి ఎత్తుకుని వాళ్ళ వెంట తిరగాలి. అమ్మ అప్పటికే మూట కట్టాల్సిన గిన్నెలు చూసుకుంటోంది.

అంతలో తెలిసింది, ముత్తయ్య ఆ మేటను ఇసుక కాంట్రాక్టరుకు మాటిచ్చాడని. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని నేరుగా అతని చేను దగ్గరికి వెళ్ళింది.

"నా ఒడ్డుకు తగిలింది, నాది కాకపోతే ఇంకెవరిది పెద్దమ్మా? గా రోజులు పోయినయ్" అన్నాడు ముత్తయ్య.

నాయనమ్మ అతని చేను కిందనే వాగు కోసిన గోడ మీద చెయ్యి పెట్టింది. నల్లమట్టి కింద కోడిగుడ్లంత నున్నటి రాళ్ళు బారుగా ఉన్నాయి.

"గీ గుండ్లు సూడు. వాగు పారకుంటనే గింత నున్నగయినయా? మీ తాత చేను వాగు తింటే, ఇంకొకళ్ల ఒడ్డుకు ఏసిన మేట గిది. ఆళ్లు పిలిచి మరీ ఇచ్చిన్రు. నువ్వు నిలబడ్డదే మేట మీద కొడుకా."

 ట్రాక్టర్లు మర్నాడే వస్తాయని మాత్రం చెప్పాడు ముత్తయ్య.

మర్నాడు తెల్లారేసరికి నాయనమ్మ మేట మీద ఉంది. కొంగు నిండా జొన్నలు, అలసందలు. మా వాడకట్టు ఆడవాళ్ళు నలుగురైదుగురు ఆమె వెనక. దున్నడానికి వేళ లేదు, గునపాలతో గీరి గింజ వేస్తూ పోయారు, నేను కాలితో మన్ను కప్పుతూ పోయాను. మా వైపు విత్తనం పడ్డ నేలను పంట లేచేదాకా చక్రం తొక్కకూడదు. తొక్కినవాడి ఇంట గింజ నిలవదని నమ్మకం. పొద్దెక్కాక ట్రాక్టరు వచ్చింది. డ్రైవరు పక్క అడవి ఊరి మనిషే; గీరిన చాళ్ళు చూసి ఇంజను ఆపేసి దిగాడు.

"విత్తనం పడ్డది సార్. నేను తొక్కియ్య. నాకు పిల్లలున్నరు" అన్నాడు.

కాంట్రాక్టరు తిట్టాడు, ఇంకో డ్రైవర్ని తెస్తానన్నాడు.

"తే పో. గీ అడవి తిండి తిన్నోడెవడూ తొక్కడు" అంది నాయనమ్మ, గింజ వేయడం ఆపకుండానే.

ఒడ్డు మీద నిలబడి అంతా చూసిన ముత్తయ్య ఇంటికి పోయాడు. మర్నాడు చూస్తే తన చేలోంచి వాగులోకి దిగే బండ్లబాటకు, ట్రాక్టర్లకున్న ఆ ఒక్క దారికి, ముళ్ళకంప అడ్డం వేసి ఉంది. ఒప్పుకున్నానని నోటితో అనలేదు, ఏళ్ళ తరబడి మాతో మాట్లాడనూ లేదు. మాకేం, ఆ ఏడు కొత్త పంట ఇంటికి తెచ్చుకునే కొత్తల పండుగకు మా గుమ్మానికి మా జొన్నకంకులే కట్టాం. నేను బడి మానలేదు. కాంట్రాక్టరు మాత్రం ఇంకా దిగువకు పోయి, అక్కడ తవ్వాడు.

ఇప్పుడు మా వాగులో చెలమ తవ్వితే ఇసుక రాదు, బండ తగులుతుంది. ఎర్రరాళ్ళు లారీలతో పాటే పోయాయి. అచ్చనగిల్లలకు రాళ్ళు కావాలనే పిల్లలూ లేరు. నాయనమ్మ లేదు, అయ్య లేడు, ముత్తయ్యా లేడు. వాగు మాత్రం బుద్ధి మార్చుకోలేదు. మొన్నటి వానాకాలంలో ముత్తయ్య కొడుకు సమ్మయ్య చేను కోసి, మా ఒడ్డుకు మేట వేసింది.

"ఆనాడు ఆళ్ల నాయన మనల్ని ముంచాలని సూసిండు. ఇది ఉంచుకుందాం అక్కా" అని తమ్ముడు ఫోన్ చేశాడు. సెలవు పెట్టి బస్సెక్కాను. వెళ్ళేసరికి లారీల మనిషి మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"మీ ఒడ్డే కదమ్మా. ఆళ్లదని ఏ కాయితంల ఉంది?" అన్నాడు.

"కాయితంల లేదు. ఒడ్డుల ఉంది, పోయి సూస్కో" అన్నాను.

సమ్మయ్యను పిలిపించి మేట నీదే, జల్దీ దున్నుకోమని చెబితే అతను చాలాసేపు నమ్మలేదు. తమ్ముడు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే పోనీ. మా ఒడ్డున సమ్మయ్య జొన్న మోకాలెత్తు పెరిగింది. అందులో ఒక్క కంకీ మాది కాదు, అయినా అటు చక్రం వస్తే ముందు అడ్డం పడేది నేనే.