పిన్ను లేని గడియ

ఆ వీధిలో అతన్ని అందరూ రేపు మేస్త్రి అనేవారు. గేటు ఎప్పుడిస్తావంటే రేపు, కిటికీ గ్రిల్లు ఎప్పుడంటే రేపు, ఊగే కుర్చీ కాలికి ఒక్క అతుకు వెయ్యమన్నా రేపే. అలాగని మోసగాడు కాదు. ఎవరికీ కాదని చెప్పలేకపోవడమే అతని జబ్బు. నలుగురు నాలుగు పనులు తెస్తే నలుగురికీ తల ఊపేవాడు, ఆ తర్వాత నాలుగింటి మధ్యా నలిగిపోయేవాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ మూల మీద అదే రేకుల షెడ్డు. అతను వెల్డింగ్ చేస్తే భార్య పక్కనే కూర్చుని ఎర్ర రంగు పూసేది. పని మాత్రం గట్టిది. అతను వేసిన అతుకు ఊడిందని ఇంతవరకు ఒక్కరూ రాలేదు. ఆ సంగతి కొత్తవాళ్ళకి చెప్పుకోవడం అతనికి కాస్త ఇష్టం కూడాను.

షెడ్డు వెనక నడుమెత్తు గోడ. గోడకి అవతల నంబర్ల పిన్ని పెరడు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఊళ్ళో ఎవరి నంబరైనా ఆవిడ నాలుక మీద ఉండేది. ప్రతివాళ్ళ జేబులోకీ సెల్‌ఫోన్లు వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. రేపు మేస్త్రి చేతులకి ఎప్పుడూ మసే గనక, ఫోను తీసి వెతుక్కునే బదులు గోడ మీంచి కేకేసేవాడు.

"పిన్నిగారూ, ఇనప కొట్టు నంబరు?"

ఆవిడ దండెం మీద దుప్పటి పరుస్తూ, తలైనా తిప్పకుండా పది అంకెలూ అప్పజెప్పేది. "రాసుకున్నావా, మళ్ళీ చెప్పాలా?" అనేది చివర్లో, ఎక్స్ఛేంజిలో అన్నట్టే.

కూతురూ అల్లుడూ ఆవిడ దగ్గరే ఉంటారు. కూతురు ఆసుపత్రి ల్యాబులో, అల్లుడు మందుల గోడౌనులో. ఇద్దరూ పొద్దున్న ఎనిమిదిన్నరకి వెళ్తే తిరిగి రావడం సాయంత్రం ఆరుకి. పగలంతా ఆవిడకి తోడు కోళ్ళు. ఏడు పెట్టలు. పెరటికి అవతల ఎండిపోయిన వాగు, ముళ్ళ పొదలు. ఆ పొదల్లో నక్కలు. ఆ ఏడు ఎండలు మొదలవగానే ఒక నక్క పెరట్లోకి రావడం మరిగి, గంపకింద మూసిన కోళ్ళలో రెండింటిని ఎత్తుకుపోయింది. పిన్ని మళ్ళీ రెండు కొని ఏడు చేసి, షెడ్డుకి వచ్చి కూర్చుంది.

"నక్క తోక తొక్కితే అదృష్టం అంటారు. నా పెరట్లో నక్కే నా అదృష్టాన్ని తొక్కిపోతోంది బాబూ. ఇనప గూడు కావాలి. వల సన్నంగా ఉండాలి, పంటితో లాగినా రాకూడదు. కింద కూడా వల పరచాలి, తవ్వినా దూరకూడదు. తలుపు గట్టిగా ఉండాలి."

"మీరు నిశ్చింతగా ఉండండి పిన్నిగారూ."

అన్నట్టే చేశాడు. వేలు దూరని వల వేశాడు. అడుగున పరిచి గూటి చుట్టూ మూరెడు బయటికి వదిలాడు. మిగిలింది తలుపు గడియ. పైనుంచి కిందికి వాలి, కొక్కెంలో పడే రకం. తలుపు మూస్తే దానంతట అదే టక్కున పడుతుంది. దాంతో చిక్కేమిటో అతనికి తెలుసు. రెండేళ్ళ క్రితం బేకరీ ఆయనకి అలాంటి గడియే పెట్టిస్తే, నక్క కింది నుంచి మూతితో ఎత్తేసి గూడంతా ఊడ్చేసింది. అప్పట్నించీ కోళ్ళగూడు చేస్తే, గడియ పడ్డాక పైకి లేవకుండా దానికి ఒక బెజ్జం వేసి, గొలుసుతో పిన్ను తగిలించేవాడు.

ఈసారి బెజ్జం వేస్తుంటే డ్రిల్లు ముక్క విరిగింది. ఇంకో ముక్క లేదు. బయట స్కూలు గేటు కోసం ఆటో వచ్చి నిలబడింది, హెడ్మాస్టరు మూడోసారి ఫోను చేస్తున్నాడు. పిన్ని అప్పటికే కోళ్ళని గంపలో పట్టి ఎదురుచూస్తోంది. గూటిని గోడ దాటించి ఆవిడ పెరట్లో దించేశాడు. పిన్ను సంగతి చెప్పలేదు. చెబితే ఆవిడ వద్దని వెనక్కి పంపేది. రేపు వచ్చి పెడితే సరి, అనుకున్నాడు.

పదకొండు రోజులు గడిచాయి.

పన్నెండో రోజు పొద్దున్న షెడ్డు తెరుస్తుండగా గోడ అవతల నుంచి పిన్ని కూతురు పిలిచింది. వెళ్ళి చూస్తే పెరడంతా ఈకలు. నాలుగు కోళ్ళు మెడలు విరిగి పడి ఉన్నాయి, రెండు అసలు లేవు. కుంటి పెట్ట ఒక్కటి నీళ్ళ డ్రమ్ము మీదెక్కి, ఎవరు పిలిచినా దిగకుండా ఉంది. గూటి తలుపు బార్లా తెరిచి ఉంది. వల చెక్కుచెదరలేదు. నేల మీద తవ్విన గుర్తు లేదు.

పిన్ని చీపురు పట్టుకుని నిలబడింది గానీ ఊడవడం లేదు.

"రాత్రి గడియ వేశావా అమ్మా?" అంది కూతురు.

"వేశాను."

"వేసినట్టు గుర్తుందా?"

"రోజూ వేస్తానుగా. వేసే ఉంటాను."

"ఉంటాను అంటే? మేస్త్రీ, గడియేమైనా పాడైందేమో మీరొకసారి చూడండి."

అతను ఒంగి చూశాడు. గడియ కింది అంచున ఎర్ర రంగు మీద పళ్ళు గీసిన చారలు తెల్లగా మెరుస్తున్నాయి. తలుపు బందు సందులో రెండు గోధుమరంగు వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. అతని చెయ్యి తనంత తనే కదిలింది. బొటనవేలితో వెంట్రుకల్ని తుడిచేశాడు. గడియని ఎత్తి వదిలాడు. టక్కున పడింది.

"గడియ బాగానే ఉందండీ," అన్నాడు.

గడియ నిజంగానే బాగుంది, ఎక్కడా వంగలేదు, విరగలేదు. అబద్ధం ఆడలేదని తర్వాత చాలా రోజులు తనకి తను చెప్పుకోవడానికి ఆ మాట పనికొచ్చింది.

"అయితే నేనే మర్చిపోయానేమో," అంది పిన్ని మెల్లిగా.

అతను షెడ్డుకి వచ్చి, రంగు డబ్బా, బ్రష్షూ పట్టుకెళ్ళి ఆ చారల మీద రంగు వేశాడు. అదే రోజు కొత్త డ్రిల్లు ముక్క తెచ్చి, బెజ్జం వేసి, పిన్ను కూడా తగిలించాడు. "ఎందుకైనా మంచిదని," అన్నాడు. పిన్ని అతని వంక కృతజ్ఞతగా చూసింది. "నా మతిమరుపుకి నీకు శ్రమ బాబూ," అంది.

ఇంకెవరికైనా అయితే ఆ మాట అక్కడితో పోయేది. పిన్నికి అలా పోలేదు. కూతురు అన్నీ గమనించడం మొదలుపెట్టింది. పాలు పొంగితే, "చూశావా". తాళంచెవి ఒకచోట బదులు ఇంకోచోట పెడితే, "చూశావా". చివరికి తాను ఇంట్లో లేనప్పుడు పొయ్యి వెలిగించొద్దని గ్యాసు రెగ్యులేటరు తీసి బీరువాలో పెట్టుకుని వెళ్ళసాగింది. పిన్ని మధ్యాహ్నం చల్లారిన అన్నం తింటూ గట్టు మీద కూర్చునేది. గోడ మీంచి అంతా కనిపించేది అతనికి. వీపు అటు తిప్పి పని చేసుకునేలా వెల్డింగ్ మిషన్ని షెడ్డులో రెండో మూలకి జరిపాడు.

ఒకరోజు అలవాటు చొప్పున నోరు జారి అడిగాడు. "పిన్నిగారూ, రంగుల కొట్టు నంబరు?"

ఆవిడ చేతిలో తడి తువ్వాలు అలాగే ఉండిపోయింది. అంకెలు ఒక్కొక్కటే చెప్పింది, సగంలో ఆగి మళ్ళీ మొదటికి వచ్చింది. చివర్లో, "ఎందుకైనా మంచిది, ఫోనులో చూసుకో బాబూ," అంది. చూశాడు. ఒక్క అంకె కూడా తప్పు లేదు. కానీ ఆ మాట ఆవిడకి చెప్పడానికి నోరు రాలేదు. చెబితే మిగతాది కూడా చెప్పాల్సి వస్తుంది.

ఆ తర్వాతి వారం కూతురు షెడ్డుకి వచ్చింది. ముందు గుమ్మానికి గ్రిల్లు తలుపు కావాలట.

"తాళం బయటి నుంచి పడాలి మేస్త్రీ. లోపలి నుంచి తియ్యడానికి వీల్లేకుండా. మేం పనికి వెళ్ళాక అమ్మ తలుపు తీసుకుని ఎటైనా వెళ్ళిపోతే ఏం చెయ్యను? ఆ కోళ్ళ సంగతి మీకు తెలుసుగా."

అతను తల ఊపాడు. కొలతలు రాసుకున్నాడు. కూతురు వెళ్ళాక చువ్వలు తీసి కోత మిషను కింద పెట్టాడు. రెండు కోశాడు. మూడోదాని మీద సుద్దముక్కతో గీత గీసి, అలాగే కూర్చుండిపోయాడు.

భార్య అన్నం గిన్నె తెచ్చి ముందు పెట్టింది. "ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా?"

చెప్పేశాడు. డ్రిల్లు ముక్క నుంచి వెంట్రుకల దాకా. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు.

"ఆ రోజు బ్రష్షు నువ్వు పట్టుకెళ్తుంటేనే అనుకున్నా. ఇరవై రెండేళ్ళలో నువ్వు బ్రష్షు ముట్టింది లేదు."

"మరి అడగలేదేం?"

"అడిగితే చెప్పేవాడివా?" ఆమె గిన్నె మూత మళ్ళీ పెట్టేసింది. "ఇది తర్వాత తిందువుగాని. ముందు వెళ్ళి రా. ఆవిణ్ణి ఆ కమ్మీల వెనక పెట్టి నువ్విక్కడ కూర్చుని తింటానంటే నేను చూడలేను."

పిన్ని వంటింటి గడప మీద కూర్చుని ఉంది. ఒళ్ళో చేతివెడల్పు నోటుపుస్తకం. అతను వచ్చేసరికి అందులో ఏదో టిక్కు పెడుతోంది. కుళాయి కట్టేశాను, టిక్కు. వెనక తలుపు వేశాను, టిక్కు. కోడికి నీళ్ళు, టిక్కు. పేజీలకి పేజీలు.

కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. పిన్ని పుస్తకం మూసి లేచింది.

"పద, చూపించు."

గూటి దగ్గర పిన్ను లాగేసి, రెండు వేళ్ళు కింది నుంచి పెట్టి గడియని ఎత్తాడు. తలుపు తనే బయటికి తెరుచుకుంది. ఆవిడ అతన్ని పక్కకి జరగమని, తన వేళ్ళతో ఎత్తింది. మళ్ళీ మూసి మళ్ళీ ఎత్తింది. మూడుసార్లు.

"ఇది నీకు గూడు దించినప్పుడే తెలుసా?"

"తెలుసండి."

"రంగు వేసినప్పుడు?"

"తెలిసే వేశానండి."

ఆవిడ అరిచి ఉంటే అతనికి సులువయ్యేది. అరవలేదు.

"ఇవాళ్టికి నలభై మూడు రోజులు బాబూ. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాను. గడియారం బొమ్మ గీసి పదకొండుం పావు చూపించమన్నాడు. గీశాను. వందలోంచి ఏడేసి తగ్గించుకుంటూ రమ్మన్నాడు. వచ్చాను. ఏమీ లేదు పొమ్మన్నాడు. అయినా నమ్మలేదు నేను. డాక్టరే పొరబడ్డాడేమో అనుకున్నాను."

అతను తల దించుకున్నాడు. "ఏం చెయ్యమంటారో చెప్పండి పిన్నిగారూ."

"సాయంత్రం ఆరున్నరకి రా. ఇదంతా వాళ్ళిద్దరి ముందూ చెప్పు. ఒక్క ముక్క తగ్గించకు. రేపు అనకు."

ఆరున్నరకి కొత్త చొక్కా వేసుకుని వెళ్ళాడు, ఎందుకు వేసుకున్నాడో అతనికే తెలియదు. ముందుగదిలో పిన్ని కుర్చీలో నిటారుగా కూర్చుంది. అతను మొదటి నుంచీ చెప్పాడు. కూతురు చేతిలో కాఫీ గ్లాసు తాగకుండానే చల్లారింది. అల్లుడు మాత్రం సర్దిచెప్పబోయాడు.

"పోనీలెండి, అయిందేదో అయింది. అయినా అత్తయ్యకి వయసు మీద పడుతోంది కదా. మొన్న పాలు కూడా మాడిపోయాయి."

"పెళ్ళైన ఏడాది నీ పెళ్ళాం మూడుసార్లు మాడ్చింది నాయనా," అంది పిన్ని. "నేనేం ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు."

అల్లుడు నవ్వబోయి, భార్య మొహం చూసి మానేశాడు. కూతురు లేచి లోపలికి వెళ్ళింది. బీరువా తెరిచిన చప్పుడైంది. రెగ్యులేటరు తెచ్చి తల్లి ముందు బల్ల మీద పెట్టి, పక్కనే కింద కూర్చుని ఆవిడ మోకాలి మీద తల ఆనించింది. పిన్ని ఆ తల మీద చెయ్యి వెయ్యడానికి కొంచెం సేపు పట్టింది. వేసింది.

"ఆ గ్రిల్లు వద్దు మేస్త్రీ," అంది కూతురు, అతని వంక చూడకుండా. "ఇక మీరు వెళ్ళండి."

ఆ పై నెలలో పిన్ని ఆరు పిల్లపెట్టల్ని కొంది. గూడు మార్చమని అడగలేదు. మార్చి ఇస్తానని అతను వెళ్తే, "ఇప్పుడు బాగానే ఉందిగా" అంది. కోపంగా ఏమీ అనలేదు. నంబర్లు అడిగితే చెబుతుంది, గుక్క తిప్పుకోకుండానే చెబుతుంది. కూతురు మాత్రం బాల్కనీ కమ్మీలకి అవతలి వీధి వెల్డరుని పిలిచింది. అతను అడ్డుచెప్పలేదు. తనూ కొంచెం మారాడు. చేతిలో పని ఉంటే, ఇది నా వల్ల కాదండీ అని ముఖం మీదే చెప్పడం నేర్చుకున్నాడు. దానికి కొందరు పొగరెక్కిందన్నారు.

ఇప్పుడు మిషను మళ్ళీ పాత చోటే ఉంది. పొద్దు వాలే వేళ పిన్ని కోళ్ళని గూట్లోకి తోలి, గడియ వేసి, పిన్ను గుచ్చి, వంటింటి గుమ్మం దాకా వెళ్తుంది. అక్కడ ఆగుతుంది. వెనక్కి వచ్చి పిన్నుని వేలితో తాకి చూస్తుంది. మళ్ళీ గుమ్మం దాకా వెళ్తుంది, మళ్ళీ వస్తుంది. కొన్ని రోజులు రెండుసార్లు, కొన్ని రోజులు నాలుగు. తలుపు మూసిన చప్పుడు వినిపించేదాకా అతను మిషను ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడ వైపే చూస్తూ కూర్చుంటాడు. భార్య దీపం వెయ్యనా అని అడిగితే, కాస్త ఆగమంటాడు.