ఫాదర్ పెట్టించిన హూప్

పని మీద వచ్చి, జెర్సీ సిటీ నుంచి మన్‌హాటన్ వెళ్తుంటే రైల్లో ఒక ఫ్రెంచి పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. మెడలో వాళ్ల ఊరి బాస్కెట్‌బాల్ క్లబ్ స్కార్ఫ్. పేరున్న ప్రొఫెషనల్ జట్టట.

“ఆ క్లబ్ ఎవరు పెట్టారు?” అన్నాను, ఏ కోటీశ్వరుడో అనుకుంటూ.

“మా చర్చి ఫాదర్. వీధుల్లో తిరిగే పిల్లల కోసం చర్చి ఆవరణలో బాస్కెట్‌బాల్ వేసే హూప్ పెట్టించాడు. మొదటి జట్టులో మా తాత ఆడాడు” అన్నాడు గర్వంగా.

గతుక్కుమన్నాను. మా ఊరు కాపెల్‌లో మా తెలుగు చర్చికి పార్కింగ్ చాలడం లేదని, పిల్లలు ఆడుకునే హూప్ తీసేయాలని కమిటీలో పట్టుబట్టింది నేనే.

రైలు దిగగానే పాస్టర్‌గారికి ఫోన్ చేశాను.

“అయ్యగారూ, హూప్ తీసేశారా?”

“శనివారం మనిషొస్తాడు బ్రదర్.”

“క్యాన్సిల్ చేయండి. ఇకమీదట నా కారు దూరంగా పార్క్ చేసుకుని నడిచొస్తాను.”