పగటి లెక్క

ఇదివరకు సాయంత్రం టీలోకి అల్లం దంచేదాన్ని. గొంతు మండితే గానీ మా ఆయనకి టీ తాగినట్టుండేది కాదు. ఇప్పుడు దంచడం లేదు. ఆ వేళకి వచ్చేది మా మరిది, అతనికి అల్లం పడదు.

వచ్చి వంటింటి బల్ల మీద కాగితం పరుచుకుంటాడు. కెమెరాలు బిగించే పని అతనిది. అన్నదమ్ములిద్దరూ కలిసే చేసేవాళ్లు. నెట్‌వర్క్ స్విచ్చని ఒక పెట్టె ఉంటుంది, లైటు వేసే స్విచ్చి కాదు. దాన్నుంచి ఒక్కో కెమెరాకి ఒక్కటే తీగ. బొమ్మ రావడానికీ అదే, కెమెరాకి కరెంటు అందడానికీ అదే. పీఓఈ అంటారు. కెమెరా దగ్గర వేరే ప్లగ్గు అక్కర్లేదు. కాకపోతే ఆ పెట్టె ఎన్నింటికి కరెంటు పెట్టగలదో ముందే చూసుకోవాలి, ఇంట్లో బియ్యం చూసుకుని భోజనానికి పిలిచినట్టు.

చీకటి పడితే కెమెరాల్లో దీపాలు వెలుగుతాయి, కరెంటు ఎక్కువ లాగుతాయి. మరిది ఇప్పుడు అన్నిటికీ రాత్రి లెక్కే వేస్తాడు. ఆపైన పావు వంతు మిగులు ఉంచుతాడు. బజార్లో అతనికి "మిగులు మాస్టారు" అని పేరు పెట్టారు.

ఇదివరకు ఒక గోదాము పనికి మాత్రం పగటి లెక్క వేశాడు. చీకటి పడగానే చివరి రెండు కెమెరాలు ఆరిపోయాయి. వాటికి పైకప్పు దగ్గర ప్లగ్గు పెడదామని మర్నాడు మా ఆయన నిచ్చెన ఎక్కారు. షాకు కొట్టి పడిపోయారు. మళ్లీ లేవలేదు.

అప్పట్నుంచి మరిది రోజూ వస్తాడు. గ్యాసు బండ మారుస్తాడు, మిక్సీ విప్పి తుడుస్తాడు. ఊరికే కూర్చోడు. నా మొహంలోకి చూడడు.

నిన్న ఒక ఆస్పత్రి పని వదులుకుని వచ్చాడు.

"చిన్న పెట్టె కొను, చాలకపోతే పైన ప్లగ్గు పెట్టెయ్ అన్నాడు వదినా, ఆ ఆస్పత్రాయన. వేరేవాళ్లని చూసుకోమన్నాను."

"ఏమన్నాడు మరి?"

"నీ లెక్కతో కెమెరాలేంటి, ఏనుగుల్ని పోషించొచ్చు అన్నాడు." నవ్వబోయి ఆగిపోయాడు. "అప్పుడే ఈ బుద్ధుంటే అన్నయ్య ఉండేవాడు."

ఎప్పుడూ అనే మాటే. నేనూ ఎప్పుడూ గిన్నెలు సర్దుకుంటూ ఊరుకునేదాన్ని. నిన్న ఊరుకోలేకపోయాను.

"ఆ లెక్క మీ అన్నయ్య కూడా చూశారు. కెమెరాలు ఆరిపోయిన రాత్రే నాతో చెప్పారు. 'నాకూ తట్టలేదు, వాడితో అనకు, నేనంటే లోకువైపోతుంది' అని నవ్వారు."

మరిది గ్లాసు కింద పెట్టాడు.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం వదినా?"

"చెబితే రావడం మానేస్తావని."

అంతే. అంతకంటే మంచి కారణం ఏదీ లేదు నా దగ్గర. మనిషి కళ్ల ముందు కుమిలిపోతుంటే, సాయంత్రం అతని చెప్పుల చప్పుడు కోసం నోరు మూసుకున్నాను. ఆయన కోసం ఏడ్చిందీ నేనే, ఇది చేసిందీ నేనే.

కోప్పడతాడనుకున్నాను. లేచి పెరటి తలుపు దాకా వెళ్లాడు. గొళ్లెం ఊడి వేలాడుతోందని జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు.

"దాన్ని ముట్టుకోకు."

"రాత్రికి తలుపు నిలవదు వదినా."

"ఇటుక అడ్డం పెట్టుకుంటాను. నువ్వొచ్చి కూర్చో."

కూర్చున్నాడు. గొళ్లెం జోలికి ఇద్దరం వెళ్లలేదు.