ఎర్రయ్య చేతి దారం

తాడ్వాయి నుంచి హనుమకొండకు మొదటి బస్సు ఆరింటికని బోర్డు మీద రాసి ఉంటుంది. తెలిసినవాళ్లు ఏడింటికి వస్తారు, నమ్మినవాళ్లు ఆరింటికే వచ్చి నిలబడతారు. మేం నలుగురం నమ్మినవాళ్లం: కోయగూడెం బడిపంతులునైన నేను, ఎర్రయ్య, అతని అన్న లచ్చయ్య, వడ్డె పాపయ్య. వడ్డె అంటే గూడెం వేల్పుకు పూజ చేసి, జబ్బుకు కారణం అడిగి చెప్పే మనిషి.

ఎర్రయ్యకు రెండు నెలలుగా నిద్ర లేదు. లేని మనుషులతో మాట్లాడతాడు. అన్నం ముట్టక పుల్లలా అయ్యాడు. దవాఖానంటే భయం. నెలరోజుల నా ఉపన్యాసాలకు గూడెంలో కోడి కూడా కదల్లేదు. చివరికి పాపయ్యే గింజలు పట్టి వేల్పును అడిగి, అతని ముంజేతికి దారం కట్టాడు.

"వేల్పు దవాఖానకు పొమ్మన్నది. మందు పడ్డంక ఈ దారం నేనే ఇప్పుత. అందాక నీకేం గాదు."

ఆ మాట మీద ఎర్రయ్య బస్సెక్కాడు.

ములుగులో టీ తాగుతుంటే పక్క సీటు ముసలాయన ఎర్రయ్యను ఎగాదిగా చూశాడు. "గాలి సోకిందా పంతులూ?"

"కిటికీకి అద్దం లేదు గద పెద్దయ్యా, అందరికీ సోకింది."

ఎర్రయ్య నవ్వలేదు.

పదిన్నరకు దవాఖాన చేరాం. చీటీ, వరుస, బెంచీ. పన్నెండుంబావుకు డాక్టరు పిలిచి, ముఖం కంటే ముందు ముంజెయ్యి చూశాడు.

"మంత్రాలన్నీ అయినంక, చచ్చే ముందు మేం యాదికొస్తమా?"

"నేనే తోలుకొచ్చిన దొరా" అన్నాడు పాపయ్య. "మందియ్యుండ్రి. దారం నేనిప్పుత."

"నువ్వేమన్న డాక్టర్‌వా? బయటికి నడు!"

డాక్టరు మెప్పు కోసం నేనూ అందుకున్నాను: "జర బయట ఉండు పాపయ్యా, నేను చూసుకుంట." బాగా చూసుకున్నాను. డాక్టరు సైగ చేస్తే కాంపౌండరు కత్తెర తెచ్చి దారం కత్తిరించేదాకా చూస్తూనే ఉన్నాను.

ఎర్రయ్య లేచి, ఒక్క ఉదుటున బయటపడి పరిగెత్తాడు. డాక్టరు చీటీ మీద ఇంగ్లీషులో రాసింది తలకిందులుగా చదివాను: రోగి సహకరించడు. ఆ పెన్ను లాక్కుని విరిచేయాలనిపించింది. నమస్కారం పెట్టి వచ్చాను.

మూడు గంటలు వెతికాం. ఎర్రయ్య బస్టాండులో, తాడ్వాయి బస్సులో సీటు పట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు మా నలుగురిలో తెలివైన పని చేసింది అతనొక్కడే. వాళ్లను అక్కడే ఉంచి, మందైనా ఇమ్మని మళ్లీ దవాఖానకు పరిగెత్తాను.

"మనిషి లేకుంట మందెట్లిస్తం? ఎల్లుండి తోల్కరా" అన్నాడు కాంపౌండరు, తలుపు వేస్తూ.

నాలుగున్నర బస్సుకు తిరిగి బయల్దేరాం. ములుగు దాటాక లచ్చయ్య అడిగాడు, "ఎల్లుండి పోదమా పాపయ్యా?"

"నా మాట మీద వచ్చిండు" అన్నాడు పాపయ్య. "ఇగ నా మాట ఏడున్నది?"

అడవి మనుషులు దవాఖానకు రారని హనుమకొండలో ఎవరైనా అంటే నమ్మకండి. వాళ్ల వేల్పే పంపితే, మూడున్నర గంటలు బస్సులో వచ్చారు. వెళ్లగొట్టింది మనం. ఆ మనలో నేనూ ఉన్నాను.