గోళ్ళు చూసే నా బిడ్డ

నా పెద్దబిడ్డ పోయింది. బోనాలు అయిపోయి, గల్లీలో కట్టిన వేపమండలు ఇంకా పూర్తిగా ఎండకముందే పోయింది. మా బోరబండలో అందరూ "తలలకు పురుగెక్కి సచ్చిపోయిందంట" అని చెప్పుకుంటున్నారు. అది సగమే నిజం. మిగతా సగం చెప్పేవాళ్ళు లేరని నేను రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే సర్దుకొని చదవండి.

నా బిడ్డ హైటెక్ సిటీలో ఒక అద్దాల బిల్డింగులో పనిచేసేది. పై అంతస్తుల్లో సాఫ్ట్‌వేర్ వాళ్ళు, కింద వాళ్ళ పిల్లలను ఉంచే క్రెష్. అందులో ఆయా. పొద్దున పిల్లలు రాగానే ముందు ముఖం చూసేది కాదు, చేతులు చూసేది. అందరూ వరసగా నిలబడి చేతులు బోర్లించి చాపాలి. గోరు పెరిగి కనిపిస్తే అక్కడే ఒళ్ళో కూర్చోబెట్టుకొని కత్తిరించేది. మెడలో వేసుకునే ఐడీ కార్డు తాడుకే నెయిల్ కట్టర్ కట్టుకునేది.

ఇంట్లోనూ అంతే. నేను అన్నం కలపబోతే చెయ్యి పట్టుకొని తిప్పి చూసేది.

"గోరు కింద ఊరుంటదే అమ్మా."

"ఎవరి ఊరే?"

"పురుగులది. దానికి సర్పంచ్ గూడ ఉంటడు."

క్రెష్‌లో నులిపురుగుల గోలీ వేసే రోజు వచ్చిందంటే ఆమె హడావుడి చూడాలి. ఏ పిల్లకు ఎంత వేయాలో డాక్టరు రాసిచ్చేది. చిన్నవాళ్ళకు సగం గోలీ. దాన్ని రెండు చెంచాల మధ్య నూరి, నీళ్ళలో కలిపి పట్టేది. పెద్దవాళ్ళు నమిలి మింగేదాకా ఎదురుగా కూర్చునేది, గొంతుకు అడ్డం పడుతుందని. ఒకసారి కోస్తా వైపు తల్లి ఒకామె ఒళ్ళు వెచ్చబడిన పాపను తీసుకొచ్చిందట. ఇంటికొచ్చి ఆ కథంతా గొంతు మార్చి చెప్పింది.

"‘ఒక్క మాత్రే కదండీ, వేసేయండి’ అన్నదమ్మా. ‘ఒక్కటే మేడమ్, గని పాప బాగలేనప్పుడు ఎయ్యొద్దు, డాక్టరమ్మను అడిగినంకనే’ అన్న. మూతి ఇంత చేస్కున్నది. మర్నాడు పాపకు ఒళ్ళంత పొక్కులు, అమ్మోరు పోసింది. గప్పుడు ‘థాంక్సండీ’ అన్నది."

బాగలేనప్పుడు ఎయ్యొద్దు. నా బిడ్డ అన్న మాటల్లో ఇదొక్కటి నన్ను పడుకోనియ్యదు.

ఎండాకాలంలో తలనొప్పి మొదలైంది. ఏసీ పడడం లేదనుకున్నాం. ఒక ఆదివారం గడప దగ్గర కూర్చొని నా గోళ్ళు తీస్తుంటే, ఆమె కుడిచేతి బొటనవేలు దానంతట అదే ఎగరడం మొదలుపెట్టింది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. చెయ్యి ఆమెదే, ఆడించేది ఇంకెవరో అన్నట్టుంది. ఆగిపోయాక నవ్వింది. "సర్పంచ్ పిలుస్తున్నడే అమ్మా." నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత అన్నం వారుస్తూ ఫిట్స్ వచ్చి పడిపోయింది. దవాఖానలో స్కానింగ్ తీశారు. బద్దె పురుగు పిల్లలు తలలో గూళ్ళు కట్టుకున్నాయని, ఒకటి రెండు కాదని చెప్పారు. నా బిడ్డ రెండు చేతులూ బోర్లించి అక్కడి డాక్టరమ్మ ముందు పెట్టింది. చూడు, నా గోళ్ళు చూడు అన్నట్టు.

"నీ చేతులు మంచిగనే ఉన్నయమ్మా," అంది డాక్టరమ్మ. "బయట తిన్న పచ్చి కొత్తిమీర, ఉల్లిగడ్డ ఎవరి చేతుల నుంచి వచ్చినయో నీకెట్ల తెలుస్తది?"

ఫిట్స్ ఆగడానికి గోలీలు రాసిచ్చింది. పురుగులను చంపే గోలీ పేరు చెప్పి, "ఇది ఇప్పుడే కాదు. అడ్మిట్ అయితే ముందు వాపు రాకుండ మందు ఇచ్చి, మా కండ్ల ముందర మొదలుపెడతం," అంది.

అడ్మిట్ ఖర్చు విన్నాక బయట మెట్ల మీద కూర్చున్నాం. ఆమెను పనిలో పెట్టిన కాంట్రాక్టరు ఇస్తానన్న ఉచిత వైద్యం కార్డు ఇంకా చేతికి రాలేదు. "కార్డు రానియ్యమ్మా, ఫికర్ చెయ్యకు," అంది నా బిడ్డ. మళ్ళీ అంది: "గా మందు నాకు తెలుసే. మా పిల్లలకు నూరి పోసేదే."

తిరిగొస్తూ నా బిడ్డ ఆ గోలీ అడిగితే, గల్లీ మూల మెడికల్ షాపతను "చీటీ ఏదక్కా?" అని అడిగాడు.

"బళ్ళె పిల్లలకు ఉత్తగ పంచుతరు గదన్నా. దానికేం చీటీ?"

"గదీ నిజమే," అని గోలీల షీటు తీసి ఇచ్చాడు. చాయ్ తాగి బిస్కెట్ తిన్నంత ఖర్చులో పని అయిపోయింది. ఇంత సులువైన దానికి దవాఖాన వాళ్ళు అంత భయపెట్టారే అని ఇద్దరం దారిలో వాళ్ళను తిట్టుకున్నాం కూడా.

గోలీ వేసుకున్న మొదటి రోజు ఏమీ కాలేదు. తర్వాత నొప్పి మొదలైంది, మునుపెన్నడూ లేనంత. తల రెండు చేతులతో పట్టుకొని గోడకు ఆనుకుంది. "ఊకో అమ్మా. సస్తున్నయి అవి. సచ్చేటప్పుడు కొట్లాడుతున్నయి." ఇంకో గోలీ నమిలింది. నొప్పి పెరిగినకొద్దీ మందు పనిచేస్తోందనుకున్నాం. వాంతులయ్యాయి. గోడ మీది క్యాలెండరు రెండుగా కనిపిస్తోందంది. ఆటోలో తీసుకుపోతుంటే నన్ను గుర్తుపట్టలేదు. కానీ నా చెయ్యి దొరకబుచ్చుకొని తిప్పి, ఒక్కొక్క గోరూ వేలితో తడిమింది. అదే ఆఖరు.

"కడుపుల సచ్చిన పురుగు బయటికి పోతదమ్మా," అంది డాక్టరమ్మ, నా పక్కన బల్ల మీద కూర్చొని. "తలల సచ్చింది ఎటు పోతది? దాని చుట్టూ వాపొస్తది. ఆ వాపును ఆపేతందుకే రమ్మన్న."

ఆ గోలీ చెడ్డదని నేను అనను. నా బిడ్డ చేత్తో ఎంతమంది పిల్లలు తిని బాగుపడ్డారో. మీ పిల్లలకు డాక్టరు చెప్పినట్టు వేయించండి. కానీ తల నొస్తున్నా, ఫిట్స్ వచ్చినా, పక్కింటివాళ్ళు చెప్పారనో, బడిలో ఇస్తారనో మీ అంతట మీరు తెచ్చుకొని మింగకండి. గోలీ చవకే. అది లోపలికి పోయాక పక్కన ఉండి చూసే డాక్టరే మాలాంటి వాళ్ళకు పిరం. కార్డు నా బిడ్డ దినం అయ్యాక వచ్చింది.

సామాను తీసుకుపొమ్మని క్రెష్ వాళ్ళు కబురు పెడితే వెళ్ళాను. టిఫిన్ డబ్బా, ఒక చున్నీ, సెలవు పెట్టిన రోజు అలమరలో వదిలేసిన ఐడీ కార్డు తాడు ఇచ్చారు. తాడుకు నెయిల్ కట్టర్ అలాగే వేలాడుతోంది. దాన్ని చేతిలో పట్టుకొని బయటికి వస్తుంటే అద్దం తలుపు అవతల ఒక పాప ఆట ఆపి నన్ను చూసింది. నన్ను కాదు, కట్టర్‌ను చూసింది. లేచి వచ్చి చేతులు బోర్లించి చాపింది. ఆమె వెనక ఇంకో పిల్లాడు. వాడి వెనక ఇంకొకరు. ఎవరూ చెప్పకుండానే వరస కట్టారు, అందరూ చేతులు చాపి.

అందరి గోళ్ళూ పెరిగి ఉన్నాయి.