నాంగ్ ఇలుమినాదా కనుబొమలు

మా బుగ్నాయ్ కొండ ఊళ్లో కుళాయి నీళ్లు బాగున్నాయో లేదో తేల్చేది నాంగ్ ఇలుమినాదా నాలుక. నాంగ్ అంటే మా వైపు అక్క. మగవాళ్లయితే నోంగ్. కుళాయిలు రాకముందు ఊట దగ్గర వాళ్లమ్మ ఇదే పని చేసేది. ఆ ఇంటి ఆడవాళ్ల నాలుక మీద పడ్డ నీటిబొట్టు తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకోకుండా గొంతు దిగదని పేరు. ఒకసారి గ్లాసు పెదవికి తగిలిందో లేదో, "పైన గొట్టంలో కప్ప చచ్చింది" అంది ఇలుమినాదా. విప్పి చూస్తే కప్ప దొరికింది. "మగ కప్ప" అని కూడా అంది గానీ, అది తేల్చుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది.

పొద్దున్నే ట్యాంకు దగ్గర ఒక తంతు జరిగేది. ఆమె మరిది నోంగ్ తిబోంగ్ బ్లీచింగ్ పొడిని బకెట్లో కలిపి, తేరనిచ్చి, ట్యాంకులో పోసేవాడు. కాసేపాగి ఒక గ్లాసు ముంచి వదిన చేతికిచ్చేవాడు. ఆమె కళ్లు మూసుకుని పుక్కిలించి మింగేది. కింద కుళాయి దగ్గర వరుసలో నిలబడ్డ మేమంతా ఊపిరి బిగబట్టేవాళ్లం.

"ఇంకో చెంచా వెయ్యనా, వదినా?" అని తిబోంగ్ అడిగేవాడు.

ఆమె మూతి విరిస్తే వద్దని. కనుబొమలు ఎగరేస్తే వెయ్యమని. అవును అనడానికి మా దేశంలో ఎవరూ నోరు ఖర్చు పెట్టరు, కనుబొమలతోనే పని జరిగిపోతుంది. నా పెళ్లి కూడా అలాగే కుదిరింది. ఆరోజు కంట్లో నలుసు పడిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఐదుగురు పిల్లలు పుట్టాక ఇంకా ఏం నలుసో!

తంతు ముగిశాక మొదటి బకెట్ ఇలుమినాదాది. భర్త కొబ్బరిచెట్టు మీద కల్లు గీస్తూ పడి చచ్చిపోయాక ఆమె చర్చి గుమ్మం ముందు చిక్కటి చాక్లెట్ కాచి, ఆకుల్లో చుట్టిన తీపి అన్నంతో అమ్ముకుని బతికింది. ఊళ్లో ఆమెకు పొలం లేదు, పదవి లేదు. ఉన్నదల్లా ఆ మొదటి బకెట్. ఆమె దాన్ని నెత్తిన పెట్టుకుని వరుస పక్కనుంచి నడిచి వెళ్తుంటే కెప్టెన్ గోర్గోనియో కూడా పక్కకు జరిగేవాడు. ఆయన మా ఊరి పెద్ద. సొంత అత్తగారికి కూడా జరగని మనిషి.

ఈ వైభవం చూసి ఓర్వలేనిది చాకిరేవు నాంగ్ సెపా. పట్నం ఆసుపత్రిలో నీళ్లను చుక్కలమందు వేసి పరీక్షిస్తారని ఎవరో చెబితే ఆ మాట పట్టుకుంది.

"నీ నాలుకకి రేపు జలుబు చేస్తే ఊరి గతేంటే, ఇలుమినాదా?"

"మా వంశంలో నాలుకలకి జలుబు చెయ్యదు."

"చేస్తే?"

"చేసిన్నాడు మొదటి బకెట్ నువ్వే ఎత్తుకో. చివర నేను నించుంటా. ఇదిగో, అందరూ వినండి!"

అందరమూ విన్నాం. అలాంటి మాటలు మా ఊళ్లో గోడలు కూడా వింటాయి.

ఆ ఏడు ఊరి పండక్కి సాన్ ఇసిద్రో స్వామి ఊరేగింపులో ఉండగా వాన దంచికొట్టింది. స్వామికి గొడుగు పట్టారు. ముందు నడుస్తూ పాట ఎత్తుకున్న ఇలుమినాదాకి ఎవరూ పట్టలేదు. మర్నాటికి ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. అల్లం కషాయం తాగితే వేణ్ణీళ్లలా ఉంది. ఎండుచేప కొరికితే అట్టముక్కలా ఉంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. తలకు గుడ్డ చుట్టుకుని మామూలుగానే ట్యాంకు దగ్గరికి వచ్చింది.

గ్లాసు తాగింది. ఏమీ తెలియలేదు. చల్లటి నీళ్లు తగిలి లోపలినుంచి తుమ్ము మాత్రం బయల్దేరింది. తాగేనీళ్ల దగ్గర తుమ్మితే అపచారం, పైగా గుట్టు రట్టవుతుంది. ఆమె పళ్లు బిగించి తుమ్మును ఆపింది. ఆపిన తుమ్ము ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా, అది కనుబొమల్లోకి పోయింది. అవి నుదురు దాటి జుట్టులోకి ఎక్కాయి.

"ఇంకో చెంచానా? సరే వదినా!" అన్నాడు తిబోంగ్.

మర్నాడు అదే. ఆ మర్నాడూ అదే. తిబోంగ్ అనుమానపడే మనిషి కాదు. వదిన నాలుకే అతనికి సువార్త. చెంచా చాలక గరిటె తెచ్చుకున్నాడు.

ఊళ్లో విచిత్రాలు మొదలయ్యాయి. అన్నం నుంచి ఆసుపత్రి వరండా వాసన వచ్చేది. పండక్కి కట్టిన ఎర్రజెండాలను సెపా ఉతికి ఆరేస్తే అవి లొంగిపోయిన సైన్యం జెండాల్లా తేలాయి. కెప్టెన్ నల్లచొక్కా పాలుపోసిన కాఫీ రంగుకి దిగింది. ఆయన పందెంకోడి ఆ నీళ్లు తాగి, పోట్లాట మానేసి పెట్టలకు దారి ఇవ్వడం నేర్చుకుంది. నా మీసం తెల్లబడింది కూడా ఆ వారంలోనే. వయసువల్ల తెల్లబడిందనేది మా ఆవిడ పుట్టించిన వదంతి.

అయినా ఎవరూ నోరెత్తలేదు. కళ్లలో నీళ్లు కారుతున్నా గ్లాసు ఖాళీ చేసి, "ఇలుమినాదా బాగున్నాయంది కదా, నా నాలుకకే ఏదో రోగం" అని ఎవరికి వారు సర్దుకున్నారు. కాన్వెంటు బడిలో సిస్టర్లు మాకు విశ్వాసం గురించి ఏళ్లతరబడి బోధించారు గానీ, ఇంత గట్టి విశ్వాసాన్ని వాళ్లు కూడా చూసి ఉండరు.

సెపా మాత్రం తన జెండాల కర్మ చూసి ఊరుకోలేదు. పట్నానికి కబురు పంపింది. ఆరోగ్యశాఖ నుంచి మిస్ వెనెరాసియన్ అనే సన్నపాటి పిల్ల మోటారుసైకిల్ వెనక కూర్చుని, పెట్టె ఒళ్లో పెట్టుకుని వచ్చింది. ఊరంతా ట్యాంకు దగ్గరికి ఎక్కింది. ఆ పిల్ల ఒక చిన్న గాజుగొట్టంలో మా నీళ్లు పట్టి, మందుచుక్కలు వేసింది.

"లేత పసుపు రావాలి" అంది.

నీళ్లు లేత పసుపును పలకరించనైనా లేదు. తిన్నగా పండిన బొప్పాయి రంగుకి పోయాయి.

"మీ సీసాకి పచ్చకామెర్లేమో, మిస్" అన్నాడు కెప్టెన్, ఊరి పరువు కాపాడుతూ. "మా నాంగ్ నాలుక ముందు సీసాలు నిలబడవు. ఏవమ్మా నాంగ్, నువ్వు తాగి చెప్పు."

తిబోంగ్ గ్లాసు ముంచి ఇచ్చాడు. ఇలుమినాదా తాగింది. మళ్లీ తుమ్ము బయల్దేరింది. కనుబొమలు లేచాయి. తిబోంగ్ అలవాటు కొద్దీ, ఆ పిల్ల చూస్తుండగానే, "ఇంకోటా? సరే!" అని గరిటెడు పొడి నేరుగా ట్యాంకులో గుమ్మరించాడు.

"అయ్యో! ఏం చేస్తున్నావయ్యా?" అని కేకపెట్టింది మిస్ వెనెరాసియన్. "ఊరిని ఉతికి ఆరేస్తావా? ఎవరు వెయ్యమన్నారు?"

"మా వదిన!"

"ఆవిడ నోరే తెరవలేదు. నేను చూశాను."

"నోరెందుకండీ, కనుబొమలు…"

"కనుబొమలా? ఈ మనిషిని ట్యాంకు దగ్గరికి రానివ్వకండి, కెప్టెన్. మెళ్లో వేసుకున్న ఆ ట్యాంకు తాళంచెవి ఇవాళే తీసుకోండి."

జనం తిబోంగ్ మీద పడ్డారు. నా చొక్కా అని ఒకరు, నా కోడి అని ఒకరు. తిబోంగ్ గరిటె పట్టుకుని వదిన మొహంలోకి చూశాడు. అన్న పోయాక ఆమెకి కట్టెలు కొట్టిపెట్టింది, ఇంటికి కప్పు నేసింది అతనే. ఆమె మాట కాదనడం ఎరగడు. ఇలుమినాదా నేల చూసింది. తర్వాత సెపాని చూసింది. ఆ పక్కన తన ఖాళీ బకెట్ ఉంది. దాన్నీ చూసింది. ఊరుకుంటే బకెట్ తనది, తాళంచెవి పోయేది మరిదిది.

"అది అవును కాదురా, తిబోంగ్" అంది చివరికి, ముక్కుతో.

"మరేంటి వదినా?"

"తుమ్ము."

ఎవరికీ అర్థం కాలేదు.

"జలుబురా నాకు! ఊరేగింపు రోజు నుంచీ! నీళ్లూ తెలీలేదు, నిప్పూ తెలీలేదు. తుమ్ము ఆపుకుంటుంటే కనుబొమలు లేచాయి. తాళం వాడి దగ్గరే ఉంచండి, వాడి తప్పు లే… లే… లే…"

అన్నాళ్లూ దాచిన తుమ్ములన్నీ కలిసి ఒక్కసారే వచ్చాయి. కెప్టెన్ టోపీ లోయలో పడింది. చర్చి గంట దానంతటదే మోగిందని కింద ఉన్నవాళ్లు చెప్పారు. నేను పైనే ఉన్నాను కాబట్టి ఆ ఒక్క ముక్కకి హామీ ఇవ్వలేను.

మొదట నవ్వింది సెపా. తర్వాత ఎవరు ఆగుతారు? మిస్ వెనెరాసియన్ కూడా పెట్టె అడ్డం పెట్టుకుని నవ్వింది. తాళంచెవి తిబోంగ్ మెళ్లోనే ఉండిపోయింది. గరిటె మాత్రం ఆ పట్నం పిల్ల లాక్కుంది. ట్యాంకు ఖాళీ చేయించి కడిగించింది. అది మళ్లీ నిండేదాకా లోయలో ఊటనుంచి నీళ్లు మోసుకొచ్చి, కాచుకుని తాగమంది. మోస్తూ దారిపొడవునా తుమ్ముల మీద వేళాకోళాలు. ఇలుమినాదా అన్నీ వింటూ మోసింది. చుక్కలమందు పెట్టెను ఆ పిల్ల సెపాకి అప్పగించి వెళ్లింది.

ట్యాంకు నిండిన రోజు ఇలుమినాదా ఎవరూ చెప్పకుండానే వరుసలో చివర నిలబడింది. నా వెనకే. సెపా అందరికీ కనబడేలా గాజుగొట్టం ఎత్తి పట్టి చుక్కలు వేసింది. లేత పసుపు వచ్చింది. ఆమె దర్జాగా బకెట్ ముందుకు తోసింది.

"ముందు తాగాలి, నాంగ్" అన్నాడు తిబోంగ్, గ్లాసు చాపి. "మొదటి బకెట్ వాళ్లే మొదట తాగాలి. ఆనవాయితీ."

ఇన్నేళ్లూ సెపా బకెట్‌నే చూసింది, గ్లాసు సంగతి ఆలోచించలేదు. ఆమె గ్లాసులోకి చూసింది, గొట్టంలోకి చూసింది, మళ్లీ గ్లాసులోకి చూసింది.

"పసుపు వచ్చింది కదే, ఇంకేం భయం?" అన్నారెవరో.

"వచ్చిందిలే… ఇలుమినాదా! ఓసారి ఇలా రావే, నువ్వూ ఒక గుక్క…"

"నాకింకా జలుబు తగ్గలేదు" అని వెనకనుంచి గట్టిగా అంది ఇలుమినాదా. ఆ మాట వాళ్ల వంశంలో ఎవరూ అని ఉండరు. "సీసా చెప్పింది కదా, తాగు. నీ మొహం చూసి నేను తెలుసుకుంటా."

సెపా కళ్లు మూసుకుని తాగింది. వరుసంతా ఆమె కనుబొమల వంక చూస్తోంది. ఆ సంగతి ఆమెకి కూడా తెలుసు. అందుకని రెండో చేత్తో వాటిని గట్టిగా అదిమి పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే నా వెనకనుంచి ఇలుమినాదా తుమ్మింది.

తిబోంగ్ చేతిలో చెంచా దానంతటదే లేచింది. "ఇంకోటా వదినా?"

"వద్దు!" అని ఊరు ఊరంతా అరిచింది. మా దేశంలో అంతమంది కలిసి నోరు తెరిచి జవాబు చెప్పడం నేను చూడటం అదే మొదలు.